4.2 సెంటీమీటర్ల అయోర్టా ఉబ్బు: ఇప్పుడే ఆపరేషన్ చేయించాలా, ఏడాది ఆగొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. నాన్నగారికి 67 ఏళ్లు, ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. ప్రోస్టేట్ ఇబ్బందికని కడుపు స్కాన్ తీయిస్తే అనుకోకుండా అయోర్టాలో ఎన్యూరిజం, అంటే ఉబ్బు, 4.2 సెం.మీ. అని వచ్చింది. డాక్టర్‌గారు "ఇప్పుడేమీ చేయక్కర్లేదు, ఏడాదికి మళ్లీ స్కాన్ తీయించండి" అన్నారు. అప్పటినుంచి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. "పొంగిన టైరుతో నేనెప్పుడూ బండి తీయలేదు, ఇది ఒంట్లో పెట్టుకుని ఏడాది ఎలా తిరగను" అని నాన్నగారు అంటున్నారు. ఏప్రిల్‌లో ఆయన అమెరికాలో మీ చెల్లెలి దగ్గరికి వెళ్లాలి. చివర్లో ఒక్క ముక్కలో, మీ పెదనాన్నగారు 70 ఏళ్లప్పుడు కడుపునొప్పితో ఉన్నట్టుండి పోయారని కూడా రాశారు.

నేను విశాఖపట్నంలో వాస్క్యులర్ సర్జన్‌ని. రక్తనాళాల ఆపరేషన్లు మొదలుపెట్టి 22 ఏళ్లయింది. ముందు సమాధానం చెప్పేస్తాను.

4.2 దగ్గర ఆపరేషన్ వద్దు. టికెట్లు అలాగే ఉంచండి. స్కాన్ తేదీని మాత్రం ఏ కారణంతోనూ తప్పనివ్వకండి.

మీ డాక్టర్‌గారు "ఏమీ చేయక్కర్లేదు" అనకుండా "ఏడాదికోసారి కొలవడమే దీనికి వైద్యం" అని ఉంటే మీ ఇంట్లో ఇంత టెన్షన్ ఉండేది కాదేమో. ఆయన చెప్పింది సరైనదే.

అయోర్టా అంటే గుండె నుంచి బయల్దేరి వెన్నెముకను ఆనుకుని కిందికి దిగే పెద్ద రక్తనాళం. పుస్తకాల్లో బృహద్ధమని అని రాస్తారు. కడుపు భాగంలో మామూలుగా 2 సెం.మీ. వెడల్పుంటుంది, దాదాపు మన బొటనవేలు లావు. 3 సెం.మీ.కు చేరితే ఎన్యూరిజం అంటాం. వెడల్పు పెరిగేకొద్దీ గోడ మీద లాగుడు పెరుగుతుంది, పగిలే భయమూ పెరుగుతుంది. అయితే ఆ భయం మొదటినుంచీ ఒకే తీరుగా పెరగదు. 5.5 లోపు ఉన్నంతకాలం ఏడాదిలో పగిలే అవకాశం నూటికి ఒకటి, అంతకంటే తక్కువ కూడా. 4.2కైతే ఇంకా తక్కువ. 5.5 దాటాక లెక్క త్వరగా మారిపోతుంది. 7 దాటినవాళ్లెవరైనా నా గదిలోకి వస్తే అడ్మిట్ చేయకుండా ఇంటికి పంపను.

ఇప్పుడు రెండోవైపు చూడండి. కడుపు కోసి చేసే ఆపరేషన్‌లో, మంచి చేతుల్లో కూడా, నూటికి మూడు నుంచి ఐదుగురు దక్కరు. తొడ మొదట్లోంచి స్టెంట్ వేసే పద్ధతిలో ఒకరిద్దరు. ఏడాదికి నూటికి ఒకటి కూడా లేని ప్రమాదాన్ని తప్పించడానికి ఒక్కరోజులో అంత ప్రమాదం నెత్తికెత్తుకోవడం ఇప్పుడెందుకు? ఇది ఊహించి చెప్పే మాట కాదు. 1998లో బ్రిటన్‌లో, 2002లో అమెరికాలో రెండు పెద్ద పరీక్షల ఫలితాలు వచ్చాయి. 4 నుంచి 5.5 మధ్య ఉన్నవాళ్లను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు వెంటనే ఆపరేషన్ చేశారు, రెండో జట్టును స్కాన్‌లతో గమనించారు. ఏళ్ల తర్వాత చూస్తే ఎంతమంది బతికున్నారన్న విషయంలో తేడా రాలేదు. స్టెంట్ పద్ధతి వచ్చాక దానితోనూ చూశారు, అదే ఫలితం. గమనించిన జట్టులో చాలామందికి తర్వాత ఆపరేషన్ చేయాల్సి వచ్చిన మాట నిజమే. కానీ అది అవసరమైన రోజున జరిగింది. అందుకే మగవాళ్లకు 5.5, ఆడవాళ్లకు 5 దగ్గర ఆపరేషన్ మాట ఎత్తుతాం.

నాన్నగారి టైరు పోలిక మంచిదే, దాంతోనే ఆయనకు చెప్పండి. టైరు పొంగితే స్టెప్నీ ఉంటుంది, మార్చడం వల్ల బండికి నష్టం లేదు. ఇక్కడ మార్చడంలోనే ప్రమాదం ఉంది. పైగా ఈ ఉబ్బు సగటున ఏడాదికి 2, 3 మి.మీ. చొప్పున పెరుగుతుంది. ఆ లెక్కన 4.2 నుంచి 5.5కు రావడానికి నాలుగు నుంచి ఆరున్నరేళ్లు పడుతుంది. కొందరిలో అసలు అంతదాకా రాదు. డిపోలో షెడ్యూల్ ప్రకారం బండి గ్యారేజీకి వెళ్లి చూపించుకుని వచ్చినట్టు, ఈయన స్కాన్‌కు వెళ్లి రావాలి. ఆ క్రమశిక్షణ ఆయనకు ఎవరూ నేర్పక్కర్లేదు.

రిపోర్టు చదవడం నేర్చుకోండి. నేను చూసిన భయాల్లో సగం కాగితం సరిగా చదవకపోవడం వల్ల వచ్చినవే. ఒకసారి రాత్రి పదింటికి పార్వతీపురం వైపు నుంచి ఒక కుటుంబం కారు మాట్లాడుకుని వచ్చింది. రిపోర్టులో 7.1 ఉందని కొడుకు వణికిపోతున్నాడు. కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. చెమటకు తడిసి, మడత పడిన చోట అక్షరాలు చెరిగిపోయాయి. లైటు కింద పెట్టి చూస్తే ఆ మడతలో ఉన్న మాట "పొడవు". ఉబ్బు పొడవు 7.1, వెడల్పు 3.9. పెద్దాయన బయట బెంచీ మీద కూర్చుని, తెల్లవారితే ఉంటానో లేదోనని పొలం కాగితాల సంగతి భార్యకు చెబుతున్నాడు. లోపలికి పిలిచి ఇద్దరికీ వేలితో చూపించి చెప్పాను. మనకు కావలసింది పొడవు కాదు. ముందునుంచి వెనక్కి ఎంత వెడల్పుందో, అందులో అన్నిటికంటే ఎక్కువ ఎంతో, ఆ ఒక్క అంకె.

ఆ అంకె కూడా కొలిచే తీరును బట్టి అటూ ఇటూ అవుతుంది. మునక్కాడను అడ్డంగా కోస్తే ముక్క గుండ్రంగా కనిపిస్తుంది. ఏటవాలుగా కోస్తే అదే కాడ కోలగా, పెద్దగా కనిపిస్తుంది. వయసు పెరిగేకొద్దీ అయోర్టా కాస్త వంకరలు తిరుగుతుంది, అలాంటిచోట ఏటవాలుగా కొలిస్తే లేని పెరుగుదల కనిపిస్తుంది. గోడ బయటి అంచు నుంచి బయటి అంచుకు కొలిస్తే ఒక లెక్క, లోపలి అంచుల మధ్య కొలిస్తే ఇంకో లెక్క. ఇద్దరు డాక్టర్లు ఒకేరోజు కొలిచినా 2, 3 మి.మీ. తేడా రావచ్చు. సీటీ స్కాన్‌లో వచ్చే అంకె అల్ట్రాసౌండ్ కంటే సాధారణంగా కొన్ని మి.మీ. ఎక్కువే ఉంటుంది. మొన్న అల్ట్రాసౌండ్‌లో 4.2, నిన్న సీటీలో 4.5 అంటే ఉబ్బు పెరిగిందని కాదు.

అందుకే మా దగ్గరికి వచ్చేవాళ్లకు ఒకటే చెబుతాను: ఒకే సెంటర్, వీలైతే ఒకే డాక్టర్, ఎప్పుడూ అల్ట్రాసౌండే. పొద్దున్నే ఏమీ తినకుండా వెళ్లండి, కడుపులో గ్యాస్ ఉంటే అయోర్టా సరిగా కనిపించదు. పాత రిపోర్టు పట్టుకెళ్లి స్కాన్ చేసే డాక్టర్ ముందు పెట్టండి, "పోయినసారి ఇలా కొలిచారు, ఇప్పుడూ అలాగే కొలవండి" అని అడగండి. అడిగితే ఎవరూ తప్పు పట్టరు. ఒక చిన్న నోటుబుక్కులో తేదీ, వెడల్పు, తర్వాతి తేదీ రాయండి. ఫిల్ములు, సీడీలు పారేయకండి.

మీ రిపోర్టులో "మ్యూరల్ త్రాంబస్" అని ఉంటే దానికీ కంగారు పడొద్దు. ఉబ్బు గోడ లోపలివైపు గడ్డకట్టిన రక్తం పొరలుగా అతుక్కుని ఉంటుంది, చాలామందిలో ఉంటుంది. అది కనిపించిందని రక్తం పలచబడే మందులు మొదలుపెట్టక్కర్లేదు.

ఇక ఎన్నాళ్లకోసారి? అమెరికా వాస్క్యులర్ సర్జన్ల సంఘం 2018లో ఇచ్చిన సలహా ప్రకారం 3 నుంచి 3.9 దాకా మూడేళ్లకోసారి, 4 నుంచి 4.9 దాకా ఏడాదికోసారి, 5 నుంచి 5.4 దాకా ఆరు నెలలకోసారి. బ్రిటన్‌లో ఇంకా దగ్గరదగ్గరగా చూస్తారు, 4.5 వస్తే మూడు నెలలకోసారి. మీ డాక్టర్ చెప్పిన ఏడాది మొదటి లెక్కకు సరిపోతుంది. నేనైతే కొత్తగా బయటపడ్డవాళ్లను మొదటిసారి ఆరు నెలలకే రమ్మంటాను. ఒక్క అంకెతో ఉబ్బు ఎంత ఉందో తెలుస్తుంది గానీ, ఎంత వేగంగా పెరుగుతోందో తెలియదు. రెండో అంకె వచ్చాకే దాని స్వభావం తెలుస్తుంది. ఆరు నెలల్లో అర సెంటీమీటరు, లేదా ఏడాదిలో ఒక సెంటీమీటరు పెరిగితే 5.5 దాకా ఆగం. ఉబ్బు ఒకపక్కకే సంచిలా వేలాడుతున్నా, అక్కడ నొప్పి మొదలైనా కూడా ఆగం.

ఇక్కడ ఒకరి సంగతి చెప్పాలి. రిటైరైన లెక్కల మాస్టారు. 2017లో 4.6, 2018లో 4.8, 2019లో 5. ఆరు నెలలకు రమ్మని చీటీ మీద నేనే రాసిచ్చాను. ఆలోపు కూతురి పెళ్లి పెట్టుకున్నారు. ఆ తర్వాత కరోనా. ఒంట్లో ఏ బాధా లేదు, నడుస్తున్నారు, తింటున్నారు. బాధ లేనిదానికి ఆసుపత్రికి ఎవరు వెళతారు? 2021లో ఒక రాత్రి ఎడమ డొక్కలో నొప్పి వచ్చింది. దగ్గర్లోని ఆసుపత్రిలో కిడ్నీ రాయి అనుకుని ఇంజెక్షన్ ఇచ్చి పడుకోబెట్టారు. తెల్లవారుజామున బాత్రూమ్‌కు లేచి పడిపోయారు. మా దగ్గరికి తెచ్చేసరికి బీపీ అందడం లేదు. ఆపరేషన్ టేబుల్ ఎక్కించాం, బతికించుకోలేకపోయాను. బయటికి వచ్చి చెప్పినప్పుడు ఆయన కొడుకు ఒక ప్లాస్టిక్ కవరు నా చేతిలో పెట్టాడు. మూడు రిపోర్టులూ తేదీల వరుసలో, ఎంతో శుభ్రంగా పిన్ను చేసి ఉన్నాయి. పైన నా చీటీ. ఆ కవరు ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది.

అప్పటినుంచి మా దగ్గర తేదీ దాటితే ఫోన్ చేసే పని ఒక సిస్టర్‌కు అప్పగించాను. మీ ఇంట్లో ఆ పని మీరు తీసుకోండి. నాన్నగారి ఫోన్లోనే కాదు, మీ ఫోన్లో, మీ చెల్లెలి ఫోన్లో కూడా ఆ తేదీ పెట్టండి.

రెండు స్కాన్‌ల మధ్య చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. అన్నిటికంటే ముందు పొగ. నాన్నగారు బీడీ గానీ సిగరెట్ గానీ తాగుతారా లేదా మీరు రాయలేదు. డ్రైవింగ్ చేసిన చాలామందికి నైట్ డ్యూటీల్లో అలవాటైపోతుంది. తాగుతుంటే ఇవాళే ఆఖరు. పొగ తాగేవాళ్లలో ఉబ్బు త్వరగా పెరుగుతుంది, పగలడమూ ఎక్కువే. ఈ జబ్బు రావడానికి ఉన్న కారణాల్లో పొగాకు పొగను మించింది లేదు. ఇది మగవాళ్ల జబ్బు అంటారు గానీ, మా ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ తాగే ఆడవాళ్లున్నారు. చుట్ట నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని పీలుస్తారు. భీమిలి వైపు నుంచి వచ్చిన ఒకామె ముప్పై ఏళ్లు అలా తాగింది. 5.1 దగ్గర స్టెంట్ వేశాం. చుట్ట మానేసి ఆరేళ్లుగా ఏటా స్కాన్‌కు వస్తోంది. చదువు లేదు, కానీ నోటుబుక్కు నా బల్ల మీద పెట్టి, "ఈసారెంతుందో ఇందులో ఎక్కించు బాబూ" అంటుంది. 67లో మానేసి ఏం లాభం అని నాన్నగారు అంటే ఆమె సంగతి చెప్పండి.

రెండోది బీపీ. ఇంట్లో మెషీన్ కొనండి, చేతి పైభాగానికి పట్టీ చుట్టేది, మణికట్టుకు పెట్టేది వద్దు. 130/80కి లోపు ఉండేలా మీ డాక్టర్‌తో మాట్లాడి మందులు సరిచేయించుకోండి. ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు రోజూ కంచంలో ఉండకూడదు, పండగకు ఒకసారైతే పరవాలేదు. మోకాళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు రోజుల తరబడి మింగితే బీపీ పెరుగుతుంది, అదీ గమనించండి.

మూడోది గుండె. చిన్న ఎన్యూరిజం ఉన్నవాళ్లను ఎక్కువగా తీసుకెళ్లేది ఉబ్బు పగలడం కాదు, గుండెపోటు, పక్షవాతం. అయోర్టా గోడ పాడైందంటే గుండె రక్తనాళాలు కూడా శుభ్రంగా ఉండకపోవచ్చు. ఒకసారి గుండె డాక్టర్‌కు చూపించండి. కొలెస్ట్రాల్‌కు స్టాటిన్, అవసరమైతే ఆస్పిరిన్, ఆయన చెప్పినట్టు వాడండి. ఉబ్బును తగ్గించే మాత్ర మాత్రం లేదు. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మీద ఆశ పెట్టుకుని రెండేళ్లు ఇచ్చి చూశారు, 2020లో వచ్చిన ఫలితాల్లో ఉపయోగం కనిపించలేదు. షుగర్ ఉన్నవాళ్లలో ఉబ్బు నెమ్మదిగా పెరుగుతుందన్నది నిజం, షుగర్ మందు మెట్‌ఫార్మిన్ మీద పరిశోధనలు జరుగుతున్నాయి. అలాగని షుగర్ లేనివాళ్లు అది మింగకూడదు.

ఒక మందుల జాతి మాత్రం గుర్తుపెట్టుకోండి. సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్, ఓఫ్లాక్సాసిన్, మాక్సిఫ్లాక్సాసిన్, అంటే పేరు చివర "ఫ్లాక్సాసిన్" అని వచ్చే యాంటీబయాటిక్స్. అయోర్టా ఎన్యూరిజం ఉన్నవాళ్లకు, వేరే దారి ఉన్నప్పుడు ఇవి ఇవ్వొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018 డిసెంబరులో హెచ్చరించింది. నాన్నగారి విషయంలో ఇది గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే ఆయనకు ప్రోస్టేట్ ఇబ్బంది ఉంది. మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తే చాలామంది మొదట రాసేది ఇవే. విరేచనాలైతే మెడికల్ షాపులో చీటీ లేకుండా ఇచ్చే స్ట్రిప్పులో ఉండేదీ తరచుగా ఓఫ్లాక్సాసినే. ఫైలు అట్ట మీద ఎర్ర పెన్నుతో "అయోర్టా ఎన్యూరిజం ఉంది, ఫ్లాక్సాసిన్ మందులు వద్దు" అని రాయండి. ఇదివరకు ఎప్పుడో వాడారని ఇప్పుడు బాధపడొద్దు. వేరే మందు పనిచేయని పరిస్థితి వస్తే ఉబ్బు సంగతి తెలిసిన డాక్టరే తూచి నిర్ణయిస్తారు, అప్పుడు మీరు మధ్యలో ఆపొద్దు.

రోజువారీ జీవితం గురించి చాలామంది అడగడానికి మొహమాటపడతారు, అడగకుండానే అన్నీ మానేసి మంచం పడతారు. నడవనివ్వండి, రోజూ అరగంట, ముప్పావుగంట. చిన్న ఉబ్బు ఉన్నవాళ్లు వ్యాయామం చేస్తే ప్రమాదం లేదని పరీక్షించి చూశారు. మెట్లెక్కొచ్చు, స్కూటర్ నడపొచ్చు, భార్యాభర్తల సంబంధానికీ అడ్డు లేదు. ఊపిరి బిగబట్టి ఎత్తే బరువులు వద్దు, అంటే బియ్యం బస్తా, నిండు గ్యాస్ సిలిండర్. ఆ క్షణంలో బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. మలబద్ధకం ఉంటే ఇసబ్‌గోల్‌తోనో మరోదానితోనో సరిచేసుకోవాలి. యోగాలో కపాలభాతి, నౌలి, మయూరాసనం లాంటి పొట్ట బలంగా బిగించేవి నేను మానిపిస్తాను. మామూలు ప్రాణాయామం చేసుకోమంటాను. గ్యాస్ పోతుందని ఎవరితోనూ పొట్ట నొక్కించి నూనె మర్దన చేయించొద్దు. డాక్టర్ చెయ్యి పెట్టి చూడడం వేరు, దానివల్ల ఏమీ కాదు.

రాత్రి పడుకున్నప్పుడు పొట్టలో టక్‌టక్‌మని కొట్టుకుంటోందని చాలామంది భయపడతారు. సన్నగా ఉన్నవాళ్లలో ఉబ్బు లేకపోయినా తెలుస్తుంది. నాన్నగారు చెయ్యి పెట్టి మాటిమాటికీ చూసుకుంటుంటే మెల్లగా మాన్పించండి. ఉబ్బు పెరిగిందో లేదో చేత్తో తెలియదు, భయం మాత్రం పెరుగుతుంది.

దేనికి పరుగెత్తాలి? కడుపులో, నడుములో లేదా డొక్కలో మునుపెన్నడూ లేని తీవ్రమైన నొప్పి ఉన్నట్టుండి వచ్చి తగ్గకపోతే. అది గజ్జల్లోకి పాకినా, చెమటలు పట్టినా, కళ్లు తిరిగినా, స్పృహ తప్పినా ఒక్క నిమిషం ఆగొద్దు. 108కి ఫోన్ చేసి మొదటి మాటే "అయోర్టా ఎన్యూరిజం ఉన్న మనిషి" అని చెప్పండి. తినడానికీ తాగడానికీ ఏమీ పెట్టకండి. కాలు ఒక్కసారిగా చల్లబడి తెల్లబారినా అత్యవసరమే. అరవై దాటాక జీవితంలో మొదటిసారి వచ్చిన కిడ్నీ రాయి నొప్పిని స్కాన్ చేసి అయోర్టా చూసేదాకా నమ్మొద్దు, మాస్టారి సంగతి చెప్పాను కదా. మీ ఊరి నుంచి గంట, రెండు గంటల దూరంలో రాత్రిపూట కూడా సీటీ, బ్లడ్ బ్యాంకు, వాస్క్యులర్ సర్జన్ ఉండే ఆసుపత్రి ఏదో ఈ వారమే కనుక్కుని నంబరు రాసిపెట్టుకోండి. ఆ నొప్పి వచ్చిన రోజున వెతుక్కునే టైమ్ ఉండదు.

ఆపరేషన్ సంగతి ఇప్పుడు ఎక్కువ చెప్పను, అవసరం వచ్చినప్పుడు మాట్లాడుకోవచ్చు. క్లుప్తంగా, రెండు దారులున్నాయి. ఒకటి కడుపు కోసి పాడైన చోట గొట్టం కుట్టడం. వారం, పది రోజులు ఆసుపత్రి, పూర్తిగా కోలుకోవడానికి రెండు మూడు నెలలు. తర్వాత పెద్దగా బెంగ ఉండదు. రెండోది తొడ దగ్గర రక్తనాళం గుండా స్టెంట్ గ్రాఫ్ట్, అంటే గుడ్డ తొడిగిన స్టెంట్, పంపడం. అర్జెంటీనాలో హువాన్ పరోడి 1990లో మొదలుపెట్టిన పద్ధతి. రెండు మూడు రోజుల్లో ఇంటికి వెళ్లొచ్చు, కానీ స్టెంట్ పక్కనుంచి రక్తం కారుతోందా అని జీవితాంతం స్కాన్‌లు తీయించుకోవాలి. కిడ్నీల రక్తనాళాలకు దిగువన స్టెంట్ పట్టుకోవడానికి బాగున్న గోడ తగినంత ఉండాలి, అందరికీ ఉండదు. స్టెంట్ ఖరీదే లక్షల్లో ఉంటుంది, కాబట్టి నాన్నగారికి ఉన్న మెడికల్ కార్డు దేనికి వర్తిస్తుందో, ఎంతవరకు ఇస్తుందో తీరిక ఉన్నప్పుడే కనుక్కోండి.

అమెరికా ప్రయాణం గురించి. విమానంలోని గాలి పీడనానికి 4.2 ఉబ్బు పగలదు. వెళ్లేముందు మార్చిలో ఒక స్కాన్ తీయించండి, అంకె అలాగే ఉంటే ఆయనా నిశ్చింతగా విమానమెక్కుతారు. ఆరు నెలలుండి తిరిగొచ్చాక అక్టోబరులో మళ్లీ. రిపోర్టులు, మందుల చీటీ చేతి సంచిలో ఉండాలి, చెక్-ఇన్ సూట్‌కేసులో కాదు. తీసుకునే ఇన్సూరెన్స్‌లో ముందే ఉన్న జబ్బుల గురించి ఏం రాశారో పాలసీ కొనకముందే చదవండి. చాలా విజిటర్ పాలసీలు వాటికి పూర్తి ఖర్చు ఇవ్వవు. జబ్బును దాచి కొంటే మాత్రం అసలే రాదు.

నాన్నగారి రెండు మోకాళ్ల వెనకా రక్తనాళాలను కూడా ఒకసారి స్కాన్‌లో చూడమనండి. కడుపులో ఉబ్బు ఉన్నవాళ్లలో పదిమందిలో ఒకరికి పైగా అక్కడా ఉంటుంది. అది పగలడం కంటే గడ్డకట్టి కాలికి రక్తం ఆపేయడం ఎక్కువ.

ఇక మీరు చివర్లో రాసిన పెదనాన్నగారి సంగతి. మీ ప్రశ్న మొత్తంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది అదే. 70 ఏళ్ల మనిషి కడుపునొప్పితో ఉన్నట్టుండి పోయారంటే అదీ ఇదే అయి ఉండొచ్చు, ఇప్పుడు తేల్చలేం. కానీ ఇది కుటుంబాల్లో వచ్చే జబ్బు. తోబుట్టువుల్లో ఒకరికి ఉంటే మిగతావాళ్లకు వచ్చే అవకాశం మామూలు వాళ్లకంటే చాలా ఎక్కువ. నాన్నగారికి ఇంకా అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఎవరుంటే, అరవై దాటిన ప్రతి ఒక్కరికీ ఈ నెలలోనే ఒక్క కడుపు అల్ట్రాసౌండ్ తీయించండి. పది నిమిషాల పని, నొప్పి లేదు, సూది లేదు. మీ బాబాయిలెవరైనా పొగ తాగుతుంటే వాళ్లనే ముందు తీసుకెళ్లండి. మీకు ఇప్పుడు అక్కర్లేదు, మీ వయసు 38 అన్నారు. మీరు కూడా అరవై దాటాక చూపించుకోవాలని అదే నోటుబుక్కు చివరి పేజీలో రాసి పెట్టుకోండి. మార్చి స్కాన్‌లో ఎంత వచ్చిందో, ఎలా కొలిచారో ఇక్కడే కింద రాస్తే చూసి చెబుతాను.